సున్నా నంబరు బోటు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఒక పూట పూటంతా బోట్లు ఒకదాని వెనక ఒకటి ఐసు కోసం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాయంటే తుపాను అనుకుంటారు, లేదా సమ్మె అనుకుంటారు. రెండూ కాదండీ. నేను. నాలుగు సెకన్లు ఆదా చేద్దామని బయల్దేరి ఊరందరి చేత తిట్లు తిన్న వైనం ఇది. నా మీద జాలిపడే ఉద్దేశం ఉంటే ఇప్పుడే మానుకోండి, చివరిదాకా చదివాక ఎలాగూ మిగలదు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఎవరైనా కుర్రాడు వచ్చి "సార్, ఈ ప్రోగ్రాముని ఇంకా స్పీడు చేయొచ్చు" అంటే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటాను. పెద్దాయన ఆలోచిస్తున్నాడని వాళ్ళు అనుకుంటారు. ఆలోచనా లేదు, పాడూ లేదు. ఆ మాట వినగానే నాకు వీపు చల్లబడుతుంది. ఎందుకు చల్లబడుతుందో చెప్పడానికే ఈ గోలంతా.

నా పేరు సూరిబాబు. మాది చీపురుపల్లి పక్కన పల్లెటూరు. వ్యవసాయంలో ఏముందిరా అని మా నాన్న నన్ను కంప్యూటరు చదివించాడు. పొలంలోనే ఉంచి ఉంటే నేను చేసే నష్టం రెండెకరాల్లో ఆగిపోయేదని ఆయనకు అప్పట్లో తెలియదు. చదువైపోయాక ఆటోనగర్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. చిన్నదంటే మొత్తం నలుగురం. కింద లేతు మిషన్ల షెడ్డు, పైన మేము. కింద ఇనుము కోసినప్పుడల్లా పైన మా టీ గ్లాసులు బల్ల మీద నడిచి వెళ్ళేవి.

మా యజమాని మూర్తిగారు గోదావరి జిల్లా మనిషి. ఉక్కు ఫ్యాక్టరీ కొలువు కోసం వాళ్ళ నాన్నగారు ఇక్కడికొచ్చినా, ఇంట్లో భాష మాత్రం అక్కడిదే ఉండిపోయింది. పిల్లిని అదిలించినా "పొమ్మంటున్నానండి" అనే రకం. ఆయన నాకు అప్పగించిన మొదటి పని ఫిషింగ్ హార్బరులోని ఒక ఐసు ప్లాంటు ప్రోగ్రాముని చూసుకోవడం. చూసుకోవడం అన్నారు. మార్చమనలేదు. ఈ రెండు మాటలకీ తేడా తెలుసుకునే వయసు కాదు నాది.

ఆ ప్రోగ్రాము చేసే పని చాలా చిన్నది. వేటకు వెళ్ళే ముందు ప్రతి బోటూ ఐసు నింపుకోవాలి. బోటు నడిపే సరంగు ప్లాంటు కిటికీ దగ్గరకొచ్చి బోటు నంబరు చెబుతాడు. కిటికీలో కూర్చునే నూకరత్నం ఆ నంబరు కొడుతుంది. బోటు పేరు, ఎన్ని ఐసు దిమ్మలు అన్నది చీటీ మీద అచ్చయి వస్తుంది. సరంగు ఆ చీటీ పట్టుకెళ్ళి క్రషరు దగ్గర ఇస్తే, అక్కడి మనిషి అన్ని దిమ్మలూ పొడి చేసి, ఏటవాలు రేకు మీదుగా బోటు అడుగు గదిలోకి పోస్తాడు. అంతే.

దీన్ని రాసినాయన సన్యాసిరావుగారు. నేను చేరేనాటికే రిటైరై గాజువాకలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన ప్రోగ్రాముని చదవడం మొదలుపెడితే గంటలో మొత్తం అర్థమైపోయింది. నాకు ఆయన మీద చిన్నచూపు కలిగింది అక్కడే. గంటలో అర్థమైపోయేది కూడా ఒక ప్రోగ్రామేనా అనుకున్నాను.

పైగా అది నత్త. ఏ బోటు నంబరు కొట్టినా రిజిస్టరు మొదటి వరస నుంచి బయల్దేరి, ఎప్పుడో తుక్కుకు అమ్మేసిన బోట్లను కూడా పేరుపేరునా పలకరించుకుంటూ వచ్చి, అసలు బోటు దగ్గర ఆగేది. చీటీ రావడానికి నాలుగు సెకన్లు. అన్నిటికన్నా విడ్డూరం ఆ రిజిస్టరులో మొదటి వరస. బోటు నంబరు సున్నా. పేరు గంగమ్మ. దిమ్మలు ఒకటి. దాని పక్కన సన్యాసిరావుగారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసుకున్న మాట: "ఇది తియ్యకు. అడుగు."

సున్నా నంబరు బోటు ఎక్కడైనా ఉంటుందా. ప్రోగ్రాము నడుస్తుందో లేదో చూసుకోవడానికి పెట్టుకుని, తీయడం మర్చిపోయాడు ముసలాయన అనుకున్నాను. తీసేశాను. అడగలేదు.

"ఏంటండీ సూరిబాబు గారూ, బానే నడుస్తోంది కదా, దాన్నెందుకండీ కెలకడం?" అన్నారు మూర్తిగారు.

"నాలుగు సెకన్లండి."

"ఏంటి నాలుగు సెకన్లు?"

"ఒక్కో చీటీకి నాలుగు సెకన్లు పడుతోందండి. రెప్పపాటులో వచ్చేలా చేస్తాను."

"ప్లాంటువాళ్ళు ఎవరైనా అడిగారాండీ?"

"అడక్కముందే చేసిపెట్టడమేనండి సర్వీసంటే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరేనండి, కానివ్వండి. కాకపోతే రేపొద్దున్న మీరు లేకపోతే, చూసేవాడికి అది అర్థమవ్వాలి సుమండీ."

"నేనెక్కడికి పోతానండి?" అన్నాను. అది మాత్రం నిజమే. నేనెక్కడికీ పోలేదు. ఉండి కూడా అర్థం చేసుకోలేకపోయాను.

మూడు నెలలు పట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నేను ఎలుకను పట్టడానికి కొండను మోసుకొచ్చాను. ఆ ప్లాంటుకు వాడుకగా వచ్చే బోట్లు నలభై. అవి ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయని కనిపెట్టాను. అంచేత ఒకరి చీటీ ఇస్తుండగానే తర్వాతివాడి చీటీ లోపల తయారైపోయేలా రాశాను. అది చాలదన్నట్టు, ఆ నలభై బోట్లనీ మూడు జాబితాలుగా చీల్చి, ఒక జాబితా ఇంకో జాబితాని చూసుకునేలా, అది మూడోదాన్ని అడిగేలా ముడిపెట్టాను. బోటుకి నంబరు ఎందుకు, వరసలో ఎన్నోదో తెలిస్తే చాలదా అని నంబర్లు చూడటమే మాన్పించాను. లేని బోటు నంబరు ఎవరైనా కొడితే "ఈ బోటు లేదు" అని చెప్పే ముక్క పాత ప్రోగ్రాములో ఉండేది. అది కూడా టైము దండగని పీకేసి, ఏది కొట్టినా సిద్ధంగా ఉన్న చీటీ ఇచ్చేయమన్నాను. పేర్లు పొట్టిగా ఉంటే మెషిను తొందరగా చదువుకుంటుందని ఎవరో చెబితే నమ్మి, అన్నిటికీ ఎక్స్, ఎక్సెక్స్, ఎక్సెక్సెక్స్ అని పేర్లు పెట్టాను. ఇది ఎందుకు చేశాను, అది ఎందుకు చేశాను అని ఒక్క ముక్క వివరణ రాసుకోలేదు. బరువు కదా. పాత ప్రోగ్రాముని ఇంట్లో చచ్చిన బల్లిని పారేసినట్టు శుభ్రంగా తుడిచి పారేశాను.

తీసుకెళ్ళి నూకరత్నానికి చూపించాను. ఆవిడది జాలరిపేట. ఆ కిటికీలో కూర్చోబట్టి ఎన్నేళ్ళయిందో ప్లాంటు గోడలకే తెలియాలి. హార్బరులో ఆవిడని అక్క అని పిలవనివాళ్ళు లేరు. నంబరు కొట్టింది, చీటీ బయటపడింది.

"ఓలమ్మ, ఏలు తియ్యనేదు, అప్పుడే వొచ్చీసినాది."

"ఎలాగుందక్కా?"

"బాగానే ఉన్నాది. గాని ఇంత తొందరేటి బాబూ? సీటీ వొచ్చేలోగా నాను ఎదరున్నోడి మొకం సూసి, ఏ బోటు, ఎన్ని దిమ్మలు, సరేనా అని అడిగేదాన్ని."

"ఇక అడగక్కర్లేదు. మెషినుకే తెలుసు."

"అలగైతే నాకేటి పని?"

"హాయిగా కూర్చోవడమే."

ఆవిడ నా వంక అదోలా చూసింది. ఆ చూపుకు అర్థం నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

కిటికీ బయట ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. పెద్ద బోటు సరంగు, నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. నన్ను బావా అంటాడు, నేనూ అంటాను. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు అంతే. మెచ్చుకుంటాడని అతణ్ణి అడిగాను.

"చీటీ ఎంత తొందరగా వచ్చిందో చూశావా బావా?"

"సూసినాను. ఇప్పుడేటి సెయ్యాలి?"

"క్రషరు దగ్గరికెళ్ళడమే."

"అక్కడ నా ముందర నిన్న మిగిలిపోయినోళ్ళు ముగ్గురున్నారు. ఆళ్ళ ఐసు ఆడీసరికి ముప్పావుగంట."

"అయినా నాలుగు సెకన్లు మిగిలాయి కదా?"

"మిగిలినాయి. ఆటిని ఏటి సేసుకోమంటావు బావా?" అని బీడీ వెలిగించుకున్నాడు.

అక్కడ కాస్త బుర్ర పెట్టి ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే సుఖాంతమయ్యేది. బుర్రంతా ఆ మూడు జాబితాల్లో ఖర్చయిపోయింది, మిగల్లేదు.

నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఎండాకాలం వచ్చింది. ఆ రెండు నెలలూ సముద్రంలో వేట నిషేధం, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. నిషేధం ఎత్తేసిన నాడు తెల్లారకముందే అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. దానికి ముందు రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఐసు నింపుకోవడమే పని. ఒక దిమ్మ గడ్డకట్టడానికి రోజంతా పడుతుంది కాబట్టి ఆ రోజు ప్లాంటులో ఉన్నవే దిమ్మలు, మళ్ళీ పుట్టవు. ఆ సాయంత్రానికి ఐసు అందనివాడు మర్నాడు మిగతా బోట్లు పోతుంటే జెట్టీ మీద నిలబడి చెయ్యి ఊపాలి.

ఎల్లాజీ సంగతి అందరికన్నా గట్టిగా ఉంది. రెండు నెలల్లో ఇంజను మొత్తం విప్పి బాగుచేయించాడు. బోటులో వల లాగే ఏడుగురు కళాసీలు అతని మాట మీద వేరే బోటు చూసుకోకుండా కూర్చున్నారు. మొదటి వేటకు వెళ్ళలేకపోతే ఆ ఏడుగురూ మర్నాడే వేరే బోటెక్కేస్తారు, మనుషులు లేని బోటు మళ్ళీ జెట్టీకే. అందుకే తెల్లవారకముందే వచ్చి, వరసలో ఎప్పుడూ తనదే అయిన మొట్టమొదటి చోట నిలబడ్డాడు.

నేను కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నా ప్రోగ్రాము వైభవం నా కళ్ళతో చూసుకోవాలని. మూర్తిగారిని కూడా రమ్మన్నాను. ఎవరి గొయ్యి వాళ్ళు తవ్వుకోవడం మామూలే గానీ, దాని ప్రారంభోత్సవానికి యజమానిని పిలిచినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆరు గంటలకు నూకరత్నం తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. కిటికీ పైన గంగమ్మ పటానికి దండ వేసింది. కళ్ళు మూసుకుని ఏదో ఒక మీట నొక్కింది. చీటీ వచ్చింది. దాన్ని చదవకుండానే మడిచి, పటం వెనక దోపి, దండం పెట్టుకుంది. భక్తి అనుకున్నాను. నేనూ పెట్టుకున్నాను.

తర్వాత ఎల్లాజీ తన బోటు నంబరు చెప్పాడు. చీటీ వచ్చింది, ఆవిడ చింపి ఇచ్చింది, అతను జేబులో పెట్టుకుని క్రషరు వైపు పరిగెత్తాడు. రెండోవాడు, మూడోవాడు, నాలుగోవాడు. నేను మూర్తిగారి వైపు చూసి నవ్వాను. ఆయన కూడా పాపం నవ్వారు.

పావుగంటకి ఎల్లాజీ తిరిగొచ్చాడు.

"అక్కా, నా బోటుకి ఎన్ని దిమ్మలు?"

"వంద. కొత్తగా అడుగుతావేటి?"

"పదిహేను పోసి ఆపీసినాడు. నీ సీటీ మీద అంతే ఉన్నాది, తప్పుకో అంటన్నాడు."

ఆవిడ చీటీ తీసుకుని చదివింది. ఆరు నెలల్లో చీటీ చదవడం అదే మొదటిసారి. "ఇది నీ బోటు కాదు గదా, నీ ఎనకోడిది."

"మరి నా సీటీ ఏదక్కా?"

ఈ ప్రశ్నకు జవాబు దొరకకముందే జెట్టీ మీద గోల వినిపించింది. వెనకోడంటే చిన్న బోటు. దాని అడుగు గదిలో పదిహేను దిమ్మలకే చోటు. వాడి చేతికి వాడి వెనక ఉన్న పెద్ద బోటు చీటీ వెళ్ళింది, నూట పది దిమ్మలు. క్రషరు దగ్గర మనిషి చీటీ మీద అంకె చూస్తాడు తప్ప కింద బోటు చూడడు. ఆ మోతలో పిలిస్తే వినపడదు. మేం వెళ్ళేసరికి గది నిండి, పైన బల్లలు నిండి, వంట చేసుకునే స్టౌ మునిగి, మోకాలి లోతు ఐసులో నలుగురు నిలబడి చేతులూపుతున్నారు. మీదనుంచి ఇంకా ధారగా పడుతూనే ఉంది. బోటు ఒక పక్కకి ఒరిగింది.

"ఆపండి" అని నేనూ అరిచాను. నా మాట ఇంట్లోనే ఎవరూ వినరు, క్రషరు వింటుందా. చివరకు ఎవరో కరెంటు పీకారు. ఒలికిపోయిన ఐసంతా జెట్టీ మీద ఎండకు మెరుస్తూ కరిగిపోవడం మొదలుపెట్టింది. దాన్ని చూస్తూ ఎల్లాజీ బీడీ కూడా వెలిగించుకోలేదు. రెండు బూతులు తిట్టినా బాగుండేది.

"తప్పెక్కడుందో చూడండి సూరిబాబు గారూ, మీరే కదండీ రాసింది" అన్నారు మూర్తిగారు.

కూర్చుని ప్రోగ్రాము తెరిచాను. ఆరు నెలలయింది దాని మొహం చూసి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు నాకన్నా నయం. నా కుందేలుకు ఎన్ని కాళ్ళో నాకే లెక్క తేలలేదు.

"ఈ ఎక్సెక్స్ అంటే ఏంటండీ?" అన్నారు ఆయన నా భుజం మీంచి.

"రెండో జాబితాలో మన బోటు ఎన్నోదో అదండి. కాదండి, మూడోదాన్లో."

"మరి ఎక్సెక్సెక్స్?"

"అది చూసుకోవాలండి."

"ఎవరిని కనుక్కోవాలండీ?"

ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అడిగారు. అదే ఎక్కువ బాధ. సరే, అంతా ఒక అంకె ముందుకు జరిగింది కదా, వెనక్కి జరిపితే సరిపోతుందని ఒక చోట ఒకటి తీసేశాను. చీటీలు రెండేసి రావడం మొదలుపెట్టాయి. ఇంకో చోట ఒకటి కలిపాను. ప్రింటరు ఆగకుండా ఒకే బోటు పేరు కొడుతూ కాగితమంతా నేల మీద కుప్పపోసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కేశాను సరే, అంత అడుసులో నా కాళ్ళెక్కడున్నాయో కనబడలేదు.

నూకరత్నం ప్రింటరు స్విచ్చు ఆపేసింది. బల్ల సొరుగులోంచి ఒక బాల్ పెన్నూ తెల్లకాగితాలూ తీసింది.

"నువ్వు మిసను సంగతి సూసుకో బాబూ. నాను సేత్తో రాసీత్తాను. ఆళ్ళ దిమ్మలు నాకు తెలీవేటి?"

నలభై బోట్ల దిమ్మలూ ఆవిడకు కంఠతా వచ్చు. ఈ సంగతి నేను ఎన్నడూ అడగలేదు.

ఇక చేసేది లేక సన్యాసిరావుగారికి ఫోన్ చేశాను. విషయం మొత్తం చెప్పనివ్వలేదు.

"ఈయేల వేటకి ముందురోజు గదా. సున్నా తీసీసినావా?"

"తీసేశానండి."

"తియ్యకు, అడుగు అని రాసినాను గదా?"

"ఎవరిని అడగాలో రాయలేదు కదండీ."

"ఎవుర్ని అడిగినా సెప్తారు బాబూ. హార్బరంతటికీ తెలుసు. అక్కడే ఉండు, వొస్తన్నాను."

ముప్పావుగంటలో స్కూటరు మీద దిగారు. ఆ సున్నా కథ అప్పుడు చెప్పారు. ఆ ప్లాంటు పెట్టిన నాటి నుంచీ ఆనవాయితీ. వేట మొదలయ్యే ముందు రోజు మొదటి చీటీ గంగమ్మది, ఒక్క దిమ్మ. బోట్లన్నీ నిండాక సాయంత్రం ఆ దిమ్మకు పసుపూ కుంకుమా పెట్టి హార్బరు నీళ్ళలో వదులుతారు. ముందు మనం ఆవిడని చల్లబరిస్తే తర్వాత ఆవిడ మనల్ని చల్లగా చూస్తుందని. అది వదలందే ఏ బోటూ కట్టు విప్పదు. ఏడాదికి ఒక్కసారే వాడే నంబరు అది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ చెత్తలాగే కనబడుతుంది.

నూకరత్నం కళ్ళు మూసుకుని నొక్కిన మీట సున్నా. నా ప్రోగ్రాముకి గంగమ్మ తెలియదు, తెలియదని చెప్పడం కూడా నేనే మాన్పించాను. అంచేత సిద్ధంగా ఉన్న మొదటి చీటీ ఆవిడ చేతిలో పెట్టింది. అక్కడి నుంచి అందరికీ వెనకవాడి చీటీ.

నూకరత్నం లేచి పటం వెనక నుంచి మడత చీటీ తీసి విప్పింది. "ఎల్లాజీ, నీ సీటీ గంగమ్మ దగ్గరున్నాది" అంది. కిటికీ బయట అంతసేపటికి మొదటిసారి ఎవరో నవ్వారు. ఎల్లాజీ నవ్వలేదు. క్రషరు దగ్గర వరసలో అతని వంతు అయిపోయింది, మళ్ళీ ఆఖరున నిలబడమన్నారు. అందరికన్నా ముందొచ్చినవాడు నలభయ్యోవాడయ్యాడు.

"పాత ప్రోగ్రాము ఉన్నాదా?" అన్నారు సన్యాసిరావుగారు.

"తుడిచేశానండి."

ఆయన వంగి ప్రింటరు బల్ల కింద చూశారు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. కాలు కింద మడిచి పెట్టిన కాగితాల దొంతర ఉంది. మెల్లగా లాగి దుమ్ము దులిపారు. పదకొండు కాగితాలు, అంచుల్లో అక్కడక్కడా ఎలుకలు తిన్నా, ఆయన పాత ప్రోగ్రాము మొత్తం.

"పోతే పనికొస్తాదని అచ్చు తీసి రత్నానికి ఇచ్చినాను" అన్నారు.

"పనికొచ్చింది గదా, బల్ల ఊగకుండా" అంది ఆవిడ, రాస్తున్న చీటీ మీంచి తలెత్తకుండా.

ఆయన చదువుతుంటే నేను కొట్టాను. నా మూడు నెలల మేధస్సు పోయి, దాని చోట పదకొండు పేజీల మామూలు తెలుగువాడి తెలివి వచ్చి కూర్చోవడానికి మధ్యాహ్నం నాలుగయింది. ఎలుకలు తిన్న చోట కూడా, ఏముండాలో ఊహిస్తే సరిగ్గా అదే ఉంది. ఆయన రాసేది అంత తేటగా ఉండేది. మొదటి వరసలో సున్నా, గంగమ్మ, ఒకటి అని కొట్టి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. నడిపి చూశాం. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. చీటీ వచ్చింది.

"అక్కా, మెషిను బాగయింది" అన్నాను.

"ఉండనీ బాబూ, ఇంకా ముగ్గురే ఉన్నారు. రాసీత్తాను."

అప్పుడు తట్టింది నాకు. ముప్ఫై ఏడు బోట్లు. పొద్దుటి నుంచీ ఆవిడ చేత్తో రాసింది. ఒక్కో చీటీ రాసి, ఎదుటివాడి మొహం చూసి, ఏ బోటు, ఎన్ని దిమ్మలు, మీ అమ్మకెలాగున్నాది అని అడిగి ఇచ్చేసరికి ఎంత లేదన్నా నిమిషం.

"అక్కా, నువ్వు రాయడం ఆలస్యమై క్రషరు ఎప్పుడైనా ఖాళీగా నిలబడిందా?"

"ఎందుకు నిలబడతాది? ఒక్కో బోటుకీ పావుగంట ఆడతాది. నా సీటీలు అక్కడ ఎప్పుడూ నాలుగైదు ముందే ఉంతాయి."

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆలస్యం ఎక్కడుందో ముందు చూసుకోరా వెధవా అని కూడా ఒక ముక్క చేర్చి ఉంటే నాకు మూడు నెలలు మిగిలేవి. చీటీ నాలుగు సెకన్లలో వచ్చినా, రెప్పపాటులో వచ్చినా, బాల్ పెన్నుతో నిమిషానికి వచ్చినా బోటుకు ఐసు పడేది పావుగంటకే. ఆరు నెలలుగా నేను మిగిల్చిన సెకన్లన్నీ మూటగట్టుకుని మా సరంగులు క్రషరు ముందు బీడీలు కాల్చారు.

ఎల్లాజీ వంతు వచ్చేసరికి ఐదు దాటింది. ప్లాంటులో మిగిలినవి యాభై ఆరు దిమ్మలు. పొద్దున్న పడ్డ పదిహేనూ కలిపితే డెబ్బయ్యొకటి. మిగతావి జెట్టీ మీద నీళ్ళయిపోయాయి. అతను ఆ తడి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

"ముందు గంగమ్మది తియ్యండి" అన్నాడు.

"నీకే చాలవు కదా బావా" అన్నాను.

"నాకు సాలకపోతే ఏట ఆపి రెండు రోజులు ముందే ఒడ్డుకొచ్చెత్తాను. ఆయమ్మకి సాలకపోతే?"

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ దిమ్మ నేను మోస్తానన్నాను. నూకరత్నం నన్ను ఎగాదిగా చూసింది.

"మొత్తం దిమ్మ నీ వల్ల కాదు. సగానికి కొట్టియ్యండి ఈ బాబుకి."

సగం దిమ్మకు గోనెసంచి చుట్టి నా వీపు మీద పెట్టారు. ప్లాంటు నుంచి జెట్టీ చివరి వరకూ రెండు వందల అడుగులు. ఇస్త్రీ చొక్కాలోంచి చల్లటి నీళ్ళు వెన్ను మీదుగా, నడుం మీదుగా దిగి చెప్పుల్లోకి చేరాయి. దారి పొడుగునా సరంగులు, కళాసీలు, చేపలమ్మే ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. "ఎవులే ఈడు?" అని ఒకామె అడిగితే, "సున్నాని తీసీసినోడు" అని ఇంకొకామె చెప్పింది. తర్వాత చాలా ఏళ్ళు హార్బరులో నా పేరు అదే.

మిగతా సగం మోసుకొచ్చినవాడు సన్యాసిరావుగారేమీ కాదు, మూర్తిగారు. "మనం సర్వీసు చేస్తున్నాం కదండీ" అన్నారు వణుకుతూ.

పసుపూ కుంకుమా పెట్టిన రెండు ముక్కలూ నీళ్ళలో తేలుతూ పోయాయి. అప్పుడు పక్క బోటు సరంగు ఎవరూ చెప్పకుండానే తన గదిలోంచి రెండు బుట్టల పొడి ఐసు తీసి ఎల్లాజీ బోటులో పోశాడు. అతని పక్కవాడు రెండు. ఆ పక్కవాడు రెండు. స్టౌ మునిగిపోయిన చిన్న బోటువాడు పది బుట్టలు పోసి, "నాకు ఎక్కువే ఉన్నాది లే" అన్నాడు. చీకటి పడేలోగా ఎల్లాజీ గది నిండింది. తెల్లవారకముందే ఏడుగురు కళాసీలతో అందరితో పాటు అతనూ పోయాడు. నేను చూడలేదు. నూటరెండు జ్వరంతో మంచం మీద ఉన్నాను.

ఆ ప్రోగ్రాము ఇప్పటికీ నడుస్తోంది. నేనే చూసుకుంటున్నాను. ఇప్పటికీ చీటీకి నాలుగు సెకన్లు పడుతుంది, ఆ నాలుగు సెకన్లలో నూకరత్నం ఇప్పటికీ ఎదుటివాడి మొహం చూసి వాళ్ళమ్మ ఆరోగ్యం అడుగుతుంది. గంగమ్మ సాక్షిగా, సగం దిమ్మ సాక్షిగా, కరిగిన నా ఇస్త్రీ సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఎవరూ అడగని సెకన్ల జోలికి ఈ జన్మలో పోను. నాకు అర్థంకాని వరసను నాకు అర్థం కాలేదన్న కారణంతో తీయను. నోటి మాట మీద నాకే నమ్మకం లేక, ఈ ప్రమాణాన్ని చెరగకుండా ఉండే చోట రాసి పెట్టుకున్నాను.

మీలో ఎవరైనా రేపు నా కుర్చీలోకి వచ్చి ఆ ప్రోగ్రాము తెరిస్తే, మొదటి వరసలో సున్నా నంబరు బోటు కనిపిస్తుంది. దాని పక్కన సన్యాసిరావుగారి మాట, "ఇది తియ్యకు. అడుగు." దాని కింద నాది.

"తీశాను. అడగలేదు. మోశాను."